మా అమ్మ కొన్న సెట్టీ

పోయిన వారం పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగేసరికి, మా అపార్ట్‌మెంటు లాబీలో ఉన్న మా అమ్మ సెట్టీకి, ముగ్గురు పట్టే ఆ పాత టేకు సోఫాకి, ఒక అట్టముక్క వేలాడుతోంది. "ఇది పురాతన వస్తువు. దయచేసి కూర్చోరాదు" అని రాసి, ఈ చెయ్యి నుంచి ఆ చెయ్యికి అడ్డంగా తాడు కట్టారు. తాడు విప్పాను. అట్టముక్కను రెండుగా చింపి చెత్తబుట్టలో పడేశాను. పాల ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని సెట్టీ మధ్యలో కూర్చున్నాను. వాచ్‌మన్ నా వైపు చూశాడు, గోడమీది కెమెరా వైపు చూశాడు, గేటు దగ్గరకు వెళ్ళిపోయాడు. పావుగంటలో మా అసోసియేషన్ సెక్రటరీ మూర్తిగారు వచ్చారు.

ఆయన చెడ్డవాడు కాదు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మాట మెత్తగా ఉంటుంది. ఇంత విలువైన సామాను మీద మెట్లు తుడిచేవాళ్ళూ పార్సిళ్ళు తెచ్చేవాళ్ళూ కూర్చుంటే పాడైపోతుంది కదా మేడమ్ అన్నారు. లాబీకి రంగులు వేయించిన డెకరేటరు చూసి, సీటుకున్న వలతాడు పీకించి అసలైన పేము అల్లిస్తే ఈ ముక్కకి తిరుగుండదని చెప్పాడట. చివరికి, ఇది ఏ దొర బంగ్లాలోదో నాలుగు ముక్కలు రాసివ్వండి, ఫ్రేము కట్టించి పైన గోడకు పెడదాం అన్నారు. రాస్తానన్నాను. నాలుగు ముక్కల్లో అయ్యేది కాదని అప్పుడే తెలుసు. దొరల సంగతి నాకు పెద్దగా తెలియదు. నాకు తెలిసింది యారాడ మసేనమ్మ సంగతి. ఆవిడ మా అమ్మ.

యారాడ కొండ అవతల సముద్రం ఒడ్డు పల్లె. మా నాన్న ఎల్లాజీ చేపల వేటకు వెళ్ళేవాడు, మా అమ్మ చేపలు అమ్మేది. నావ ఒడ్డుకు రాగానే చేపలు గంపకెత్తుకుని కొండ ఎక్కి, అవతల దిగి, హార్బరు కాలవను పడవలో దాటి పాత ఊళ్ళో తేలేది. అక్కడినుంచి ఎగువన ఉన్న బంగ్లాల దాకా నడకే. బడి లేని రోజుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. నాకు గుర్తున్నంతవరకు పొద్దుటి నుంచి పొద్దువాలేదాకా అమ్మ నిలబడే ఉండేది. కొండమీద నిలబడి ఊపిరి తీసుకునేది, పడవలో నిలబడేది, బేరం నిలబడే ఆడేది. చేప కొయ్యాల్సి వచ్చినప్పుడు కత్తిపీట ముందు గొంతుక్కూర్చునేది. దాన్ని కూర్చోవడం అనరు. ఇంటికి వచ్చాక పొయ్యి ముందు మళ్ళీ అలాగే. ఆవిడ పాదాల పగుళ్ళలో ఉప్పూ ఇసకా చేరి మండుతుంటే కొబ్బరినూనె రాయడం నా పని. ఆ నూనె వాసన, తడి వలల వాసన, ఎండుచేపల వాసన కలిసి మా ఇంటి వాసన.

ఆ బంగ్లాల్లో ఒకదానిలో ఓడల కంపెనీ పెద్దాయన ఉండేవాడు. తెల్లదొర కాదు, మనవాడే, అయినా అందరూ దొరగారు అనే అనేవాళ్ళు. ఆ ఇంటి వెనక వరండాలో ఉండేది ఈ సెట్టీ. ముగ్గురు పట్టే పొడుగు, బర్మా టేకు, వంపు తిరిగిన చేతులు, సీటుకీ వీపుకీ పేము అల్లిక. దొరసానమ్మ దాని మీద కూర్చుని చేపలు ఏరేది, మేం మెట్ల కింద నిలబడేవాళ్ళం. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు, ఎండాకాలం, అమ్మ పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. బేరం మధ్యలో కళ్ళు తిరిగి, గంప దించేసి, మెట్లెక్కి సెట్టీ అంచున కూలబడింది. దొరసానమ్మ స్వయంగా గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఫరవాలేదు కూర్చో అంది. అమ్మ నీళ్ళు తాగి, కాస్త తేరుకుని లేచింది. గేటు దాటాక కత్తిపీట మరిచిపోయామని నేనే గుర్తుచేశాను. వెనక్కి వెళ్ళేసరికి వంటమనిషీ తోటమాలీ సెట్టీని పెరట్లోకి దించి, బకెట్లతో సబ్బునీళ్ళు కుమ్మరించి చీపురుతో రుద్దుతున్నారు. దొరసానమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దొరగారు వచ్చేలోగా ఆ వాసన పోవాలని చెబుతోంది.

అమ్మ కత్తిపీట తీసుకుంది, నా చెయ్యి పట్టుకుంది. రోడ్డు మీదికి వచ్చి చాలా దూరం నడిచాక ఒక మాట అంది. "ఆ కర్ర మీద అలగ నీల్లు పొయ్యకూడదు. పాడైపోద్ది."

మర్నాడు మళ్ళీ అదే బంగ్లాకు వెళ్ళింది. ఎందుకు వెళ్ళావని అడిగితే, "ఎల్లకపోతే ఏటి తింటావు నువ్వు?" అని నన్నే అడిగింది.

కానీ ఆ రోజు నుంచి అమ్మకు కర్ర మీద ఒక ధ్యాస పట్టుకుంది. పాత ఊరి సందులో మస్తాన్ సాయిబని కుర్చీలు బాగుచేసే ఆయన ఉండేవాడు. మధ్యాహ్నం గంప ఖాళీ అయ్యాక అమ్మ ఆయన కొట్టు నీడలో ఆగేది. మిగిలిన కవళ్ళ చేపలు నాలుగు ఆయన చేతిలో పెట్టి, ఆయన పని చూసేది. ఆయన పేము నానబెట్టి చీల్చి అల్లుతూ, అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్పేవాడు. పాత సామాను కొనేటప్పుడు ముందు తిరగేసి చూడాలన్నాడు. మేకులు కొట్టి ఉంటే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టారన్నమాట, పాత పనివాడు కర్ర చీలతోనే బిగిస్తాడు. చిల్లుల కింద గోధుమపిండిలాంటి పొడి తాజాగా రాలి ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది. పొడి లేకపోతే అది చచ్చి ఏళ్ళయింది, భయం లేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని ఊపితే కిర్రుమనేదాన్ని బాగుచేసుకోవచ్చు, చప్పుడు లేకుండా ఊగేదాన్ని వదిలెయ్యాలి. "పైన మెరుపు మనిషి పూస్తాడు చెల్లెమ్మా, చెట్టు ఎలాంటిదో కింద చూస్తేనే తెలుస్తాది" అనేవాడు. ఇవన్నీ నీకెందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మర్యాద ఆయనదే.

నేను ఏడో తరగతిలోకి వచ్చాక ఆ కంపెనీ పెద్దాయన రిటైరై మద్రాసు వెళ్ళిపోతున్నాడనీ, ఇంటి సామాను అమ్మేస్తున్నారనీ తెలిసింది. ఆ రోజు అమ్మ గంప ఎత్తుకోలేదు. పెళ్ళిచీర కట్టుకుంది. సాయిబును వెంటబెట్టుకుని, నన్ను తీసుకుని వెనక మెట్ల వైపు కాకుండా ముందు గేటులోంచి వెళ్ళింది. పచ్చిక మీద సామానంతా పరిచి ఉంది. కారు మీద వచ్చిన ఫర్నిచరు వ్యాపారి ఒకాయన, ఆఫీసర్ల భార్యలు కొందరు తిరుగుతున్నారు. దొరసానమ్మ అమ్మను చూసి, ఇత్తడి గిన్నెలు అటు ఉన్నాయి అంది. అమ్మ నేరుగా సెట్టీ దగ్గరికి వెళ్ళి, సాయిబు ఒక కొస పట్టుకోగా దాన్ని తిరగేసింది. మోకాళ్ళ మీద వంగి కాళ్ళన్నీ తడిమింది. చీలలు చూసింది, చిల్లుల్లో చీపురుపుల్ల పెట్టి చూసింది, చెయ్యి పట్టుకుని ఊపింది. వెనక ఎడమకాలికి పాత పురుగు ఉందనీ, సబ్బునీళ్ళకు మెరుగు పోయిందనీ చెప్పింది. ఆ రెండో మాట చెప్పేటప్పుడు దొరసానమ్మ ముఖంలోకే చూసింది. తనెంత ఇవ్వగలదో చెప్పింది.

వ్యాపారి నవ్వి, తను అంతకంటే ఎక్కువిస్తానన్నాడు. దొరసానమ్మ తటపటాయించింది. అన్నేళ్ళలో అమ్మతో ఒక్క మాటైనా ఆడని ఆ దొరగారు పక్కనుంచి, "ముందు అడిగింది ఆవిడ" అని మాత్రం అన్నాడు. అంతటితో బేరం తెగింది. అమ్మ చెవులకు ఆ తర్వాత కమ్మలు కనపడలేదు. వచ్చేసేటప్పుడు దొరసానమ్మ నిజంగానే అర్థంకాక అడిగింది, మీ ఇంట్లో దీన్ని ఏం చేసుకుంటావు మసేనమ్మా అని.

"కూకుంటానమ్మా. ఇంకేటి సేత్తారు దీంతోటి?"

రిక్షాబండి మీద రేవు దాకా తెచ్చాం. కొండ మీదుగా మొయ్యలేం కాబట్టి సముద్రం మీద చుట్టు తిప్పి తీసుకెళ్ళాలి. నాన్న రానన్నాడు. మా మావయ్య పోలయ్య తన పడవ తెచ్చాడు. ఇదేటే అక్కా అంటే అమ్మ సెట్టీ అంది. మా వైపు సెట్టి అంటే కొట్టు నడుపుకునే కోమటి. ఆ మాట మాకంటే ముందే కొండ దాటి ఊళ్ళోకి వెళ్ళిపోయింది, మసేనమ్మ బస్తీ నుంచి ఒక సెట్టిని తెచ్చుకుంటోందని. హార్బరు నోరు దాటి కొండ ముక్కు మలుపు తిరిగేసరికి గాలికి పడవ ఊగడం మొదలైంది, అడ్డంగా పెట్టిన సెట్టీ అటూ ఇటూ జారుతోంది. బరువు పడితే కదలదు, ఎవరైనా కూకోండని మావయ్య కేకేశాడు. అమ్మ కూర్చుంది. అంచున కాదు, నడుం వాల్చి, రెండు చేతులూ రెండు వైపులా చాచి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అలల తుంపర మొహాన కొడుతుంటే ఎదురుగా యారాడ ఒడ్డున జనం గుంపు కట్టి కనిపించారు. అమ్మ కొంగు సర్దుకోలేదు, లేచి నిలబడలేదు. ఆవిడ అలా కూర్చుని ఉండగా చూడటం నాకదే మొదటిసారి.

ఒడ్డుకు దించిన సెట్టీని చూసి నాన్న, మతి పోనాదా నీకు, మన గుమ్మంలోంచి ఇది ఎలగెల్తాదని అడిగాడు. నిజమే, మా తాటాకింటి గుమ్మం చిన్నది. అమ్మ కత్తి తెచ్చి పక్క దడి కోసింది. సెట్టీ లోపలికి వెళ్ళాక దడి మళ్ళీ కట్టేసింది. ఉప్పునీళ్ళు పడ్డ కాళ్ళను మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె పట్టించింది. చెమ్మ ఎక్కకుండా ప్రతి కాలి కిందా పలకరాయి పెట్టింది. వారానికోసారి ఇదంతా చెయ్యాలి, తడి ఎప్పుడూ నిలవకూడదు, ఎండ సూటిగా పడకూడదు, చేతుల మీద ఎవరూ కూర్చోకూడదు. మా ఇంట్లో ఇంత పకడ్బందీగా జరిగిన పని ఇంకోటి లేదు.

రోజూ బస్తీ నుంచి వచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కుని దాని మీద కూర్చునేది. తలుపు తీసే ఉండేది. మా ఊళ్ళో మగవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళు దారిన పోతుంటే ఆడవాళ్ళు మంచం మీద ఉన్నా లేచి నిలబడాలి. మా నాన్నకు చిన్నాన్న వరస ఎర్రయ్య తాత అని ఊరి పెద్ద ఉండేవాడు. ఆయన గుమ్మం ముందు ఆగి ఖాండ్రించాడు. అమ్మ లేవలేదు. ఆయన లోపలికి వచ్చి, ఆడది ఎత్తుమీద కూకుంటే గంగమ్మ తల్లికి కోపం వస్తాది అన్నాడు.

"పొద్దుట్నుంచి నిలబడే ఉన్నాను మావా. ఇంక లెగలేను. సోటుంది, నువ్వూ కూకో" అంది అమ్మ.

ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఏడు వేట సరిగ్గా పడలేదు. వలలు ఖాళీగా వస్తుంటే ఆ నేరం సెట్టీ మీదికి వచ్చింది. మా నాన్న నావకు మనుషులు రావడం మానేశారు. ఒక్కడూ నావ తొయ్యలేక, ఇంకొకరి నావలో కూలికి వెళ్ళలేక నాన్న ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చి, దీన్ని నరికేస్తాను, పొయ్యిలోకి పనికొస్తాది అన్నాడు. అమ్మ కూర్చున్నచోటు నుంచే గొడ్డలి ఎక్కడుందో చూపించింది. "నరికేయ్. రేపట్నుంచి గంప కూడా నువ్వే ఎత్తుకో. కొండెక్కి దిగినాక నాను ఎక్కడ కూకోవాలో నువ్వే సెప్పు." నాన్న గొడ్డలి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని చూరులో దోపేసి ఒడ్డుకు వెళ్ళిపోయాడు. కొన్ని వారాలపాటు నావ పక్కనే పడుకున్నాడు. అన్నం నేను పట్టుకెళ్ళేదాన్ని.

ఆ తర్వాత వచ్చింది తుఫాను. రెండు రోజుల వానకు ఊళ్ళో ప్రతి ఇంట్లో నేల మీద నీళ్ళు నిలిచాయి. ఎర్రయ్య తాత ఇంటి కప్పు ఎగిరిపోయింది. చలిజ్వరంతో వణుకుతున్న ఆయన్ను నాన్నా మావయ్యా మోసుకుని మా ఇంటికి తెచ్చారు. పొడిగా ఉన్నది సెట్టీ ఒక్కటే. అమ్మ జరిగింది. ఆయన్ను పడుకోబెట్టి, తలవైపు తను కూర్చుని రెండు రోజులూ గంజి తాగించింది. చెమ్మకు మెత్తబడ్డ పేము ఆ బరువుకు మధ్యలో తెగి కుంగిపోయింది. నీళ్ళు తీశాక తాత లేచి వెళ్ళిపోయాడు. క్షమించమని అడిగే మనిషి కాదు, అడగలేదు. కానీ మర్నాటి నుంచి మా నావకు మనుషులు వచ్చారు.

కాలవ దాటే పడవలు ఇంకా తిరగడం లేదు, సాయిబు దగ్గర పేము తెచ్చే దారి లేదు. నాన్న ఎవరితోనూ చెప్పకుండా వల అల్లే సూదీ నైలాను దారం తీసుకుని సెట్టీ ముందు కూర్చున్నాడు. పాత పేము పీకి, అది పోయిన చిల్లుల్లోంచే దారం పోనిచ్చి, సాయిబు అల్లికలాగే ఎనిమిది మూలల కళ్ళు వచ్చేట్టు మూడు రోజులు అల్లాడు. అయ్యాక తనే కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూశాడు. అమ్మను పిలిచి, "గట్టిగుందో లేదో సూడు" అన్నాడు. అమ్మ పక్కన కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను చూసి వాళ్ళు లేవలేదు. డెకరేటరు పీకెయ్యమంటున్న తాడు అదే.

తర్వాత తర్వాత చేపలమ్మే ఆడవాళ్ళందరూ మధ్యాహ్నాలు మా ఇంట్లో చేరేవాళ్ళు. ముగ్గురు పట్టేచోట నలుగురు ఇరుక్కునేవాళ్ళు. ఒక కొసన నేను పుస్తకం పట్టుకుని చదువుకునేదాన్ని, ఆ కొస నాదని ఎవరూ జరగమనేవాళ్ళు కాదు. అలా చదివి టీచరునయ్యాను. అమ్మ పోయాక సెట్టీ నాతో ఉక్కునగరం క్వార్టర్‌కు వచ్చింది. మా ఆయన స్టీల్‌ప్లాంటులో పనిచేసేవాడు. షిఫ్టు దిగిన ఆయన స్నేహితులు బూట్లతో, నల్లటి దుమ్ముతో దాని మీద కూలబడి టీలు తాగేవాళ్ళు. మరకలు తుడవడం విసుగనిపించలేదు. రిటైరయ్యాక ఈ ఫ్లాటుకు వచ్చాం, ఇక్కడే నేను తప్పు చేశాను. వచ్చినవాళ్ళందరూ యాంటిక్కని మురిసిపోతుంటే నేనూ మురిసి, దాని మీద తెల్లగుడ్డ కప్పాను. మనవల్ని ఎక్కనివ్వలేదు. మేం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా ఖాళీ సెట్టీని చూసుకుంటూ కొన్నేళ్ళు గడిపాం. దొరసానమ్మైనా దాని మీద కూర్చునేది. నేను అదీ చెయ్యలేదు.

ఈ మధ్య ఒకరోజు లిఫ్టు పనిచెయ్యక మెట్లు దిగుతుంటే, మా మెట్లు తుడిచే అప్పలనరసమ్మ మోటారు గది పక్కన చివరి మెట్టు మీద క్యారియరు పెట్టుకుని అన్నం తింటోంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది, ముద్ద చేతిలోనే ఉంది. ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వస్తుంది, రైల్లో కూడా నిలబడే వస్తానని ఎప్పుడో చెప్పింది. నేను మెట్లు ఎక్కి వెనక్కి వెళ్ళి గుడ్డ తీసేశాను. సాయంత్రానికల్లా మా ఆయనా వాచ్‌మనూ కలిసి సెట్టీని లాబీలోకి దించారు. మొదట అందరూ మెచ్చుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. అప్పలనరసమ్మ, ఇళ్ళల్లో పనిచేసే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు దాని మీద కూర్చుని అన్నం తింటున్నారని తెలిశాక మెచ్చుకోలు ఆగింది. అట్టముక్క వచ్చింది.

ఇప్పుడు అందరూ చదువుకున్నవాళ్ళే. మెట్ల కింద నిలబడమని నోటితో ఎవరూ అనరు. ఎర్రయ్య తాత గంగమ్మ తల్లి పేరు చెప్పాడు, వీళ్ళు పురాతన వస్తువు పేరు చెబుతున్నారు. తాత కనీసం ఇంట్లోకి వచ్చి ముఖం మీద చెప్పాడు.

నిన్న ఆదివారం లాబీలోనే మీటింగు పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి అందరూ వాటిలో కూర్చున్నారు, గోడవారన సెట్టీ ఖాళీగా ఉంది. సెక్రటరీగారు మెత్తగానే చెప్పారు, మేడమ్ సెట్టీని పైకి మోయించుకుపోవాలి, లేదా దాని చుట్టూ స్తంభాలు పెట్టి తాడు కట్టుకోనివ్వాలి. నేను లేచాను. పైకి వెళ్ళదు, తాడు కట్టనివ్వను, మీకు అడ్డమైతే గేటు బయట రోడ్డు మీద వేసి నేనే రోజూ వచ్చి కూర్చుంటాను అన్నాను. ఎవరో కుర్చీలో కదిలారు. ఇంకెవరో, ఇంతకీ ఆ మెట్లు తుడిచే ఆవిడ అక్కడే కూర్చోవాలని అడిగిందా అన్నారు. నేను నిజంగానే ఆమెను అడగలేదు.

అప్పలనరసమ్మ అప్పటికే బకెట్టూ తుడుపుకర్రా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. అన్నీ వింది. బకెట్టు పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని వచ్చింది. "నాను అడగనేదు బాబూ. నిలబడమని కూడా నానెప్పుడూ అడగనేదు" అని, వెళ్ళి సెట్టీ మధ్యలో కూర్చుంది.

సెక్రటరీగారు చేతిలో కాగితం కేసి చూసుకున్నారు. తర్వాతి అంశం నీళ్ళ ట్యాంకు కడిగించడం. ఏ రోజు ఏ వేళకు ట్యాంకు ఖాళీ అవుతుందో ఆ బిల్డింగులో తెలిసింది ఒక్కరికే. మూర్తిగారు కళ్ళజోడు సర్దుకుని, అప్పలనరసమ్మ వైపు తిరిగి అడిగారు. ఆమె కూర్చునే జవాబు చెప్పింది.